మూడో నెల నెత్తురు ఏం చెప్పగలదు?

(యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాస పాఠం)



సుబ్బారావుగారి పేరు వినగానే మనలో చాలామందికి ఆరియోమైసిన్, హెట్రజాన్, ఫోలిక్ ఆమ్లం గుర్తొస్తాయి. మందులిచ్చిన మనిషిగా ఆయన్ని తలచుకోవడం న్యాయమే. కానీ నా వృత్తి మందులు కాదు, కొలతలు. ఆసుపత్రి ల్యాబులో రక్తం గొట్టాల మధ్య బతికినదాన్ని. నాకు ముందు గుర్తొచ్చేది 1925వ సంవత్సరం. భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, బోస్టన్ చేరిన ఆ యువకుడు హార్వర్డ్ జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కెతో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ఆ ఏడే ప్రచురించాడు. ద్రావణం నీలిరంగు తిరుగుతుంది. రంగు ఎంత చిక్కబడితే భాస్వరం అంత ఎక్కువ. ఆ శాఖకు అధిపతి ఓటో ఫోలిన్. ఫోలిన్, చైనా నుంచి వచ్చిన శ్యెన్ వూ కలిసి అంతకు కొద్ది సంవత్సరాల ముందే రక్తంలో చక్కెరను కొలిచే పద్ధతిని తయారుచేసి ఉన్నారు. అంటే ఈరోజు నేను మాట్లాడబోయే చక్కెర కొలత, సుబ్బారావుగారి భాస్వరం కొలత ఒకే కప్పు కింద పుట్టినవి.

ఫిస్కె–సుబ్బారావు పద్ధతిని ప్రపంచమంతటా ప్రయోగశాలలు దశాబ్దాల పాటు వాడాయి. ఎందుకు వాడాయో ఆలోచించండి. కొద్దిపాటి రక్తం చాలు. దొరకని రసాయనాలు అక్కరలేదు. రంగును పోల్చే మామూలు పరికరం, శ్రద్ధగా పనిచేసే ఒక మనిషి ఉంటే ఏ ఊళ్ళోనైనా చేయవచ్చు, ఎక్కడ చేసినా దాదాపు ఒకే జవాబు వస్తుంది. ఒక కొలతకు అంతకన్నా గొప్ప గుణం ఉందని నేను అనుకోను. ఈనాటి నా విషయాన్ని కూడా ఈ గుణంతోనే తూస్తాను.

విషయం ఇది. ఒక అమ్మాయికి నెల తప్పింది. తొలి మూడు నెలల్లో ఆమె రక్తం తీశాం. ఆ రక్తంలోని కొన్ని సూచికలను చూసి, ఆరో నెలలోనో ఏడో నెలలోనో ఆమెకు షుగర్ వస్తుందా రాదా అని ముందే చెప్పగలమా? కొంతవరకు చెప్పగలం. దీని మీద పాతికేళ్ళుగా ఎన్నో వ్యాసాలు వస్తున్నాయి, సూచికల పేర్లు పదులు దాటాయి. కానీ మన తల్లులకు పనికొచ్చే సూచికకు రెండు అర్హతలు ఉండాలని నా నమ్మకం. అది ప్రాథమిక ఆరోగ్య కేంద్రం దాకా రాగలగాలి. దాని జవాబును బట్టి ఆ తల్లికి మనం చేసే పని మారాలి. ఈ రెండూ లేని సూచిక ఎంత సూక్ష్మమైనదైనా అది పరిశోధకులకే ఉపయోగం.

ముందు శరీరంలో జరిగేదేమిటో చూద్దాం. గర్భం వచ్చిన మొదటి నెలల్లో పరగడుపు చక్కెర కొద్దిగా తగ్గుతుంది. మాయ పెరిగేకొద్దీ కథ మారుతుంది. మాయ స్రవించే హార్మోన్లు, దానితోపాటు కొవ్వు కణాల నుంచి వచ్చే కొన్ని పదార్థాలు కలిసి తల్లి కండరాలను ఇన్సులిన్‌కు లొంగకుండా చేస్తాయి. నెలలు నిండే వేళకు ఇన్సులిన్ ప్రభావం సగానికి సగం, ఒక్కోసారి ఇంకా ఎక్కువే తగ్గిపోతుందని అమెరికాలో కటలానో బృందం నేరుగా కొలిచి చూపింది. ఇది జబ్బు కాదు. తల్లి ఒంట్లోని చక్కెర బిడ్డకు దక్కడానికి ప్రకృతి చేసే ఏర్పాటు. ఆరోగ్యంగా ఉన్న తల్లి క్లోమం రెండు మూడు రెట్లు ఇన్సులిన్ తయారుచేసి ఈ లోటు పూడుస్తుంది. అంత శక్తి లేని క్లోమం వెనకబడుతుంది. అప్పుడు కనిపించేదే గర్భిణీ మధుమేహం.

ఆ తర్వాత బిడ్డకు జరిగేది కోపెన్‌హాగెన్‌కు చెందిన యోర్గెన్ పెడర్సన్ 1950లలోనే వివరించాడు. తల్లి చక్కెర మాయను దాటుతుంది, తల్లి ఇన్సులిన్ దాటదు. వచ్చిపడిన చక్కెరను అదుపు చేయడానికి బిడ్డ తన ఇన్సులిన్ తానే ఎక్కువగా చేసుకుంటుంది. ఆ ఇన్సులిన్ వల్ల కొవ్వు పట్టి బిడ్డ పెద్దదవుతుంది, కాన్పు కష్టమవుతుంది. బొడ్డు కోయగానే చక్కెర రావడం ఆగిపోతుంది, ఇన్సులిన్ మాత్రం ఆగదు. పుట్టిన కొద్ది గంటల్లోనే పసికందు చక్కెర పడిపోవడానికి కారణం అదే.

ఇక్కడ మన ప్రశ్నకు ఆధారం ఉంది. ఆరో నెలలో వెనకబడే క్లోమం ఆరో నెలలో హఠాత్తుగా బలహీనపడలేదు. ఆ బలహీనతతోనే, ఇన్సులిన్‌కు సరిగా లొంగని ఒంటితోనే ఆ అమ్మాయి గర్భంలోకి అడుగుపెట్టింది. గర్భం దాన్ని బయటపెట్టింది, అంతే. కాబట్టి దాని జాడ మూడో నెల రక్తంలో ఉండాలి. నిజానికి అంతకుముందే ఉండాలి. కాలిఫోర్నియాలో హెడర్సన్ బృందం గర్భానికి సగటున ఆరేళ్ళ ముందు దాచిన రక్త నమూనాలను తీసి చూస్తే, తర్వాత గర్భిణీ మధుమేహం వచ్చిన స్త్రీలలో కొవ్వు కణాలు వదిలే అడిపోనెక్టిన్ అనే పదార్థం అప్పటికే తక్కువగా ఉంది. బరువు ఎక్కువ లేని స్త్రీలలోనూ అంతే. ఈ రంగంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కదిలించిన ఫలితం ఇది. మనం జబ్బు అని పిలిచేదానికి ఆరేళ్ళ ముందే, పెళ్ళి ఊసు కూడా లేని వయసులో, ఆ అమ్మాయి రక్తం మనకు చెబుతోంది. అడిగినవాళ్ళు లేరు.

ఇప్పుడు వాడుకలో ఉన్న పరీక్ష గురించి రెండు మాటలు. 1964లో బోస్టన్‌లో ఓసల్లివన్, మహాన్ 752 మంది గర్భిణులకు గ్లూకోజు తాగించి, చక్కెర ఎంత దాటితే జబ్బో తేల్చే గీతలు గీశారు. ఆ గీతల లెక్క, తల్లికి మున్ముందు షుగర్ వస్తుందా అన్నదాని మీద కుదిరింది, బిడ్డ మీద కాదు. బిడ్డను దృష్టిలో పెట్టుకున్న పెద్ద అధ్యయనం 2008లో వచ్చిన హాపో. 9 దేశాల్లో 15 కేంద్రాలు, 23 వేల మందికి పైగా తల్లులు. తల్లి చక్కెర పెరిగేకొద్దీ బిడ్డకు ముప్పు పెరుగుతూనే పోతుందని, ఇక్కడి నుంచి జబ్బు అని చెప్పగలిగే మెట్టు మధ్యలో ఎక్కడా లేదని ఆ అధ్యయనం తేల్చింది. ఆ 9 దేశాల్లో మన దేశం లేదని విద్యార్థులు గుర్తుంచుకోవాలి. మన దేశానికి సరిపడే మార్గాన్ని చెన్నైలో డాక్టర్ వి. శేషయ్య వేశారు. పరగడుపున రానక్కరలేదు. 75 గ్రాముల గ్లూకోజు నీళ్ళలో కలిపి తాగాలి. రెండు గంటలకు ఒక్కసారి రక్తం తీస్తే చాలు. 140 మిల్లీగ్రాములు, అంతకుమించి ఉంటే షుగర్ ఉన్నట్టు. మన జాతీయ మార్గదర్శకాలు దీన్నే తీసుకున్నాయి. మొదటిసారి ఆసుపత్రికి వచ్చినప్పుడు ఒకసారి, 24 నుంచి 28 వారాల మధ్య మరోసారి చేయాలని చెప్పాయి. నలభై కిలోమీటర్లు బస్సులో వచ్చే తల్లిని పరగడుపున రమ్మనడంలోని క్రూరత్వం తెలిసినవారు పెట్టిన పద్ధతి ఇది. శేషయ్యగారి పుట్టినరోజు మార్చి 10ని గర్భిణీ మధుమేహ అవగాహన దినంగా జరుపుకుంటున్నాం.

మరి ఇది ఉండగా కొత్త సూచికలెందుకు? మూడో నెలలో గ్లూకోజు నీళ్ళు తాగించడం ఎంత కష్టమో కాన్పుల వార్డులో పనిచేసిన ప్రతి నర్సుకూ తెలుసు. అది సరిగ్గా వేవిళ్ళ కాలం. తాగిన నీళ్ళు పావుగంటలో బయటికొస్తే పరీక్ష మొదటికొస్తుంది. రెండు గంటలు బెంచీ మీద కూర్చోవాలి. వెంట వచ్చిన అత్తగారికి ఇంటి దగ్గర పని ఉంటుంది. ఇక 24 వారాలకు చేసేసరికి మాయ ఎదిగిపోయింది, బిడ్డ క్లోమం పని మొదలుపెట్టేసింది. తొలి నెలల్లో, ఏమీ తాగకుండా, ఒక్కసారి సూది గుచ్చితే తెలిసే మార్గం కోసం వెతకడం న్యాయమైన వెతుకులాటే.

సూచికల్లో అన్నిటికన్నా పాతది చక్కెరే. తొలి మూడు నెలల పరగడుపు చక్కెర సాధారణ పరిధిలో ఉన్నా, ఆ పరిధిలోనే పైకి పోయేకొద్దీ తర్వాత మధుమేహం వచ్చే అవకాశం పెరుగుతుంది. ఇది చవక, ఎక్కడైనా దొరుకుతుంది. అయితే ఒక ల్యాబు మనిషిగా నేను ఇక్కడ కాసేపు ఆగాలి. ఎందుకంటే చక్కెర కొలతలోని ఒక దోషాన్ని వ్యాసాల్లో ఒక వాక్యంతో దాటేస్తారు. రక్తం గొట్టంలోకి వచ్చాక కూడా ఎర్రకణాలు బతికే ఉంటాయి, చక్కెరను తింటూనే ఉంటాయి. గది వేడిమిలో గంటకు 5 నుంచి 7 శాతం చక్కెర తగ్గిపోతుంది. బూడిదరంగు మూత గొట్టంలో ఫ్లోరైడ్ ఉంది కదా అని మనం ధీమాగా ఉంటాం. ఫ్లోరైడ్ ఆపేది చక్కెర విచ్ఛిన్నమయ్యే దారిలో చివరి మెట్లలో ఒకదాన్ని. దాని పైమెట్లు మొదటి గంటా రెండు గంటలూ నడుస్తూనే ఉంటాయి. లెక్క వేయండి. గ్లూకోజు తాగిన రెండు గంటలకు రక్తం తీసినప్పుడు 145 ఉన్న తల్లి చక్కెర, ఉపకేంద్రం నుంచి ల్యాబుకు చేరడానికి రెండు గంటలు పడితే 128 దగ్గర కనిపిస్తుంది. 140 గీతకు కింద. ఆ తల్లికి షుగర్ లేదని కాగితం మీద సంతకం పెట్టి పంపుతాం. మే నెల ఎండలో, మోటారు సైకిలు మీద వచ్చే పెట్టెలో, ఎన్ని జబ్బులు ఇలా కరిగిపోతున్నాయో! హాపో లాంటి అధ్యయనాల్లో నమూనాను వెంటనే మంచులో పెడతారు. సిట్రేటు కలిపిన గొట్టాలు వాడితే ఈ నష్టం బాగా తగ్గుతుంది. అదీ కుదరకపోతే రక్తం తీసినచోటే, ప్లాస్మా లెక్కకు సరిచేసిన గ్లూకోమీటరుతో చూడమని జాతీయ మార్గదర్శకాలు చెప్పింది ఇందుకే. కొత్త సూచిక కోసం కోట్లు పెట్టే ముందు ఉన్న సూచికను గొట్టంలో పోగొట్టుకోకుండా చూసుకోవడం మన మొదటి బాధ్యత.

తర్వాతది హెచ్‌బీఏ1సీ. మూడు నెలల సగటుగా జనానికి తెలిసిన పరీక్ష. పరగడుపు అక్కరలేదు, గొట్టంలో ఎర్రకణాలు దీన్ని తినవు. న్యూజీలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ పరిశోధకులు తొలి నెలల్లో 5.9 శాతం, అంతకుమించి ఉన్న తల్లులకు ముప్పు ఎక్కువని 2014లో చూపారు. మనకు దగ్గరి పని ఇంకొకటి ఉంది. మన దేశం, కెన్యా, బ్రిటన్‌లలో వేర్వేరుగా నడిచిన మూడు బృందాల ఫలితాలు 2024లో వెలువడ్డాయి. తొలి నెలల హెచ్‌బీఏ1సీకి వయసు, ఎత్తుతో పోల్చిన బరువు, ఇంట్లో షుగర్ చరిత్ర కలిపి లెక్కిస్తే, సుమారు సగం మంది తల్లులకు గ్లూకోజు తాగే పరీక్ష అవసరమే ఉండదని ఆ బృందాలు చెప్పాయి. చెన్నై పరిశోధకులు ఇందులో ముందున్నారు. నాకు ఈ దారి మీద ఆశ ఉంది.

ఆశతోపాటు ఒక హెచ్చరిక. హెచ్‌బీఏ1సీ అంటే ఎర్రకణంలోని హిమోగ్లోబిన్‌కు అంటుకున్న చక్కెర. ఎర్రకణం ఎన్నాళ్ళు బతుకుతుందో దాని మీద జవాబు ఆధారపడుతుంది. మన గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉంది. ఇనుము లోపించినప్పుడు ఈ అంకె ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. ఐరన్ మాత్రలు మొదలుపెట్టి కొత్త కణాలు పుడుతుంటే తగ్గిపోతుంది. గర్భం ముదిరేకొద్దీ కణాల ఆయుష్షు తగ్గి తనంతట తానే దిగుతుంది. పాడేరు, అరకు, ఆదిలాబాద్ వంటి ఏజెన్సీ ప్రాంతాల్లో సికిల్ హిమోగ్లోబిన్ ఉన్నవారిలో కొన్ని యంత్రాలు తప్పు అంకె ఇస్తాయి. లండన్‌లో గీసిన గీతను తెచ్చి పాడేరులో పెట్టలేం. హెచ్‌బీఏ1సీ చెప్పే ప్రతి కాగితం మీద హిమోగ్లోబిన్ కూడా ఉండాలి, రెండింటినీ కలిపి చదవాలి. ఇది ఖర్చుతో కూడిన పని కాదు. హిమోగ్లోబిన్ ఎలాగూ చూస్తున్నాం.

పరిశోధన పత్రికల్లో ఎక్కువ ప్రేమ పొందిన జంట అడిపోనెక్టిన్, ఎస్‌హెచ్‌బీజీ. మొదటిది కొవ్వు కణాల నుంచి వస్తుంది, ఒళ్ళు ఇన్సులిన్ మాట వినేలా చేస్తుంది. రెండోది కాలేయం తయారుచేసే మాంసకృత్తు, రక్తంలో ఇన్సులిన్ ఎక్కువైతే తగ్గిపోతుంది. రెండూ తగ్గితే తర్వాత మధుమేహం వచ్చే అవకాశం ఎక్కువ. ఈ రెండింటికీ ఒక మంచి గుణం ఉంది. అన్నం తిన్నారా లేదా అన్నదాన్ని బట్టి పెద్దగా మారవు. లండన్ కింగ్స్ కాలేజీ ఆసుపత్రిలో నికోలయిడెస్ బృందం 2011లో ఇచ్చిన లెక్కలను నేను ఏటా విద్యార్థులతో బోర్డు మీద వేయిస్తాను. 11 నుంచి 13 వారాల మధ్య తల్లి వయసు, బరువు, జాతి, ముందు కాన్పులో షుగర్ ఉందా, పెద్ద బిడ్డ పుట్టిందా అని అడిగితేనే, రాబోయే జబ్బుల్లో 62 శాతం పట్టుబడ్డాయి. ఆ రెండు రక్త సూచికలూ కలిపితే 74 శాతం. రెండు సందర్భాల్లోనూ జబ్బు రానివారిలో 20 శాతం మందిని అనవసరంగా అనుమానించారు.

ఈ అంకెలను మన ఊరి మీద పెట్టి చూడండి. వెయ్యిమంది గర్భిణులు, వారిలో వందమందికి షుగర్ రాబోతోంది అనుకుందాం. జల్లెడ పట్టాం. వందలో 74 మంది దొరికారు, 26 మంది జారిపోయారు. జబ్బు రాని తొమ్మిది వందల్లో 180 మంది కూడా జల్లెడలో నిలిచారు. అంటే మనం ‘మీకు రావచ్చు’ అని చెప్పిన 254 మందిలో నిజంగా వచ్చేది మూడోవంతు కన్నా తక్కువ మందికి. ‘మీకు రాదు’ అని చెప్పిన 746 మందిలో మాత్రం తప్పేది 26 మంది విషయంలోనే. ఈ పరీక్షల బలం ఎవరికి వస్తుందో చెప్పడంలో లేదు, ఎవరికి రాదో చెప్పడంలో ఉంది. వాణిజ్య ప్రకటనలు మాత్రం దీన్ని తలకిందులు చేసి చెబుతాయి. ‘మీ ముప్పు ముందే తెలుసుకోండి’ అని ఆసుపత్రి గోడ మీద రాస్తే, లోపలికి వెళ్ళిన అమ్మాయి బయటికొచ్చేటప్పుడు షుగర్ వచ్చేసిందనే అనుకుంటుంది.

ఇంకో సంగతి కూడా ఆ అంకెల్లోనే ఉంది. ఒక తూకం యంత్రం, ఒక నోటు పుస్తకం, ఓపికగా నాలుగు ప్రశ్నలడిగే ఏఎన్ఎం 62 శాతం తెస్తే, ఎలైజా యంత్రాలూ ఖరీదైన కిట్లూ తెచ్చిన అదనం 12 శాతం. ఆ 12 మంది తల్లులు తక్కువేమీ కాదు. కానీ మొదటి 62 మందిని అడగకుండా వదిలేసి తర్వాతి 12 మంది కోసం కిట్లు కొనడం నాకు బాధ కలిగిస్తుంది.

పట్టణాల్లో అందరికీ తెలిసిన డబుల్ మార్కర్ పరీక్షలో పాప్-ఏ అనే అంకె ఉంటుంది. అది తక్కువగా ఉండటానికీ మధుమేహానికీ సంబంధం కనిపించింది. బలహీనమైన సంబంధమే, కానీ డౌన్ సిండ్రోమ్ కోసం ఎలాగూ డబ్బు కట్టి చేయించుకున్న పరీక్ష కనుక ఆ అంకెను వృథా పోనివ్వకుండా ఇతర వివరాలతో కలిపి చూడటంలో తప్పులేదు. సీఆర్‌పీ, ట్రైగ్లిసరైడ్లు, ఫెరిటిన్, శాఖలున్న అమైనో ఆమ్లాలు, చక్కెర అంటిన సీడీ59, సూక్ష్మ ఆర్‌ఎన్‌ఏలు ఇంకా వరుసలో ఉన్నాయి. ఫెరిటిన్ ఎక్కువైతే ముప్పు అని ధనిక దేశాల్లో వచ్చిన ఫలితం, ఇనుము లేక నీరసించే మన తల్లులకు ఏ మేరకు వర్తిస్తుందో ఇక్కడే తేల్చుకోవాలి. మిగిలినవి ఇంకా పరిశోధనశాల గడప దాటలేదు.

సరే, ముందే తెలిసింది. ఏం చేస్తాం? 2023లో వచ్చిన టోబాగమ్ అధ్యయనం ఈ ప్రశ్నను సూటిగా అడిగింది. ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, స్వీడన్‌లతో పాటు మన దేశమూ ఇందులో ఉంది. ముప్పు కారణాలున్న తల్లుల్లో 20 వారాలకు ముందే చక్కెర ఎక్కువని తేలినవారిలో, కొందరికి వెంటనే చికిత్స మొదలుపెట్టారు, కొందరిని మళ్ళీ పరీక్ష చేసేవరకు ఆపారు. నవజాత శిశువుల ఇబ్బందులు 30.5 శాతం నుంచి 24.9 శాతానికి తగ్గాయి. మేలు జరిగింది. కానీ ఆపిన బృందంలో సుమారు మూడోవంతు మందికి 24 వారాల తర్వాత పరీక్షలో షుగర్ లేనేలేదు. చక్కెర స్వల్పంగానే పెరిగిన తల్లులకు తొందరపడి చికిత్స చేస్తే చిన్న బిడ్డలు పుట్టే సూచన కూడా కనిపించింది. తక్కువ బరువు బిడ్డలు ఇప్పటికే ఎక్కువగా పుట్టే మన నేల మీద ఈ మాటను తేలిగ్గా తీసుకోకూడదు.

నివారణ సంగతి ఇంకా చిక్కు. ఫిన్లాండ్‌లో 2016 నాటి రాడియెల్ అధ్యయనంలో, ముప్పు ఎక్కువున్న తల్లులకు తిండి, నడక విషయంలో విడివిడిగా సలహాలిస్తే మధుమేహం 21.6 నుంచి 13.9 శాతానికి తగ్గింది. బ్రిటన్‌లో స్థూలకాయులతో చేసిన అప్‌బీట్‌లో అలాంటి తగ్గుదల లేదు. ఒకచోట పనిచేసి ఇంకోచోట చేయకపోవడానికి ఎప్పుడు మొదలుపెట్టామన్నది కూడా ఒక కారణమని నేననుకుంటాను. కాలిఫోర్నియా నమూనాలు చెప్పినట్టు కథ గర్భానికి ఏళ్ళ ముందే మొదలైతే, నాలుగో నెలలో ఇచ్చే సలహా ఆలస్యమే.

ఇక్కడ మళ్ళీ సుబ్బారావుగారి దగ్గరికి రావాలి, ఉపన్యాసం ఆయన పేరిట జరుగుతోందని మాత్రమే కాదు. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతను ఈస్ట్ సారంతో నయం చేశారు. ఆ సారంలో ఉన్నది ఫోలిక్ ఆమ్లం. 1945లో దాన్ని కృత్రిమంగా తయారుచేసింది లెడర్లీ మందుల సంస్థలో సుబ్బారావుగారి నాయకత్వంలోని బృందం. రక్తహీనతకు మందు కోసం సాగిన అదే వెతుకులాటలో దొరకవలసిన మరో పదార్థం బి12 వేరే చోట్ల 1948లో బయటపడింది, ఆయన కన్నుమూసిన సంవత్సరమే. ఈరోజు ప్రతి గర్భిణి చేతిలో ఐరన్‌తో కలిపిన ఫోలిక్ ఆమ్లం మాత్ర ఉంది, బిడ్డల వెన్నెముక లోపాలను ఆపడానికి గర్భానికి ముందు నుంచే తీసుకోమంటున్నాం. అది ఉండి తీరాల్సిన మాత్ర. బి12 మాత్రం ఆ చేతిలో లేదు.

మైసూరులో పార్థినాన్ అధ్యయనం చేసిన కృష్ణవేణి బృందం, తమ గర్భిణుల్లో 43 శాతం మందికి బి12 తక్కువని, అలా తక్కువున్నవారికి ఒళ్ళు ఎక్కువని, గర్భిణీ మధుమేహమూ ఎక్కువని 2009లో చూపింది. పుణెలో యాజ్ఞిక్ బృందం, గర్భంలో ఫోలేటు ఎక్కువ, బి12 తక్కువ ఉన్న తల్లుల పిల్లలు ఆరేళ్ళ వయసుకే ఇన్సులిన్‌కు తక్కువగా లొంగుతున్నారని 2008లో ప్రచురించింది. బి12 లోపమే మధుమేహానికి కారణమని వీటిని బట్టి తీర్పు చెప్పలేం. కానీ మన దగ్గర పుట్టిన, మన తిండితో ముడిపడిన, లోపముంటే చవకగా సరిదిద్దగలిగిన సూచిక ఇది. ముప్పు ఉందని చెప్పి ఊరుకునే సూచిక కన్నా, అంకె తగ్గితే ఒక మాత్రతో దాన్నయినా సరిచేయగలిగే సూచిక తల్లికి ఎక్కువ మర్యాద చేస్తుంది. మూడో నెల రక్తంలో నేను కొలవాలని కోరేవాటిలో చక్కెర, హిమోగ్లోబిన్, హెచ్‌బీఏ1సీ తర్వాతి స్థానం బి12కే ఇస్తాను.

చెప్పే తీరు గురించి కూడా మాట్లాడాలి. ‘నీకు షుగర్ రావచ్చమ్మా’ అన్న మాట డాక్టరు నోట ఒక సంభావ్యత. ఇంటికి చేరేసరికి అది తీర్పు. అన్నం కంచంలో సగం తగ్గుతుంది. పండు ముట్టనివ్వరు. ‘మా వంశంలో లేదు, మీవాళ్ళ నుంచే వచ్చింది’ అనే మాటలు మొదలవుతాయి. వేవిళ్ళతో ముందే ఏమీ తినలేని పిల్ల భయంతో ఇంకా మాడుతుంది. ల్యాబు కాగితం మీద ‘హై రిస్క్’ అని ఎర్ర అక్షరాల్లో అచ్చువేసేవాళ్ళను నేను చేతులు జోడించి అడుగుతున్నాను: పక్కనే, ఇలాంటి ఫలితం వచ్చిన ముగ్గురిలో ఇద్దరికి జబ్బు రాకపోవచ్చని తెలుగులో రాయండి. ఏం తినాలో రాయండి. ఏం మానాలో అన్నది తర్వాత.

మన ఆచారంలో ఇంకో చిక్కు ఉంది. మూడో నెల పరీక్ష అత్తవారి ఊళ్ళో జరుగుతుంది. తొలి కాన్పుకు అమ్మాయి పుట్టింటికి వస్తుంది. రక్తపరీక్షల కాగితాలు చాలాసార్లు వెనకే ఉండిపోతాయి. ముప్పు చూసి జాగ్రత్తపడాల్సిన డాక్టరు వేరు, ముప్పు చెప్పిన డాక్టరు వేరు. పురుడు అయ్యాక ఆరు వారాలకు మళ్ళీ చక్కెర పరీక్ష చేయాలి, ఎందుకంటే గర్భిణీ మధుమేహం వచ్చినవారికి తర్వాత రెండోరకం మధుమేహం వచ్చే ముప్పు, రానివారితో పోలిస్తే ఏడు రెట్లకు పైగా ఉంటుంది. ఆ ఆరు వారాల పరీక్ష ఏ ఊళ్ళో జరగాలి? బాలింత పుట్టింట్లో ఉంటుంది, పసిబిడ్డను వదిలి రాలేదు. బిడ్డకు టీకా వేసే రోజే తల్లి వేలి నుంచి కూడా ఒక చుక్క తీస్తే ఈ చిక్కు చాలావరకు విడిపోతుంది. ప్రతినెలా 9వ తేదీన ప్రభుత్వ కేంద్రాల్లో గర్భిణులకు ఉచితంగా డాక్టరు పరీక్ష జరుగుతోంది. మూడో నెల రక్తం ఆ రోజే తీయవచ్చు.

ఈ సభలో ఉన్న యువ పరిశోధకులకు ఒక పని అప్పగిస్తున్నాను. ఒక్క జిల్లాను తీసుకోండి. మైదానం, ఏజెన్సీ రెండూ ఉన్న జిల్లా అయితే మేలు. మొదటి మూడు నెలల్లో వచ్చే ప్రతి తల్లి నుంచి పరీక్షకు ఎలాగూ తీసే రక్తంలో కొద్దిభాగాన్ని, ఆమెకు అర్థమయ్యే మాటల్లో చెప్పి, ఆమె ఒప్పుకుంటేనే, లోతైన చలిలో భద్రపరచండి. హిమోగ్లోబిన్, బి12, హెచ్‌బీఏ1సీ అప్పుడే కొలవండి. అడిపోనెక్టిన్, ఎస్‌హెచ్‌బీజీ తర్వాత కొలవవచ్చు, అవి చెడవు. 24 వారాల పరీక్ష, బిడ్డ బరువు, ఆరు వారాల పరీక్ష ఒకే పుస్తకంలో చేర్చండి. తల్లి ఊరు మారితే పుస్తకం ఆమె వెంట వెళ్ళాలి. ఏ అంకె దగ్గర గీత గీస్తే మన తల్లుల్లో ఎక్కువమందికి గ్లూకోజు నీళ్ళ బాధ తప్పుతుందో, ఏ అంకె దగ్గర గీస్తే జారిపోయేవారు తక్కువో ఆ పుస్తకమే చెబుతుంది. నమూనాలు దాచే ఫ్రీజరుకు జెనరేటరు ఉందో లేదో మాత్రం ముందే చూసుకోండి.